పదిహేనేళ్ళు నిండని సింహం

భానోజీరావు రాసిన డ్రాఫ్టు తిరిగి రాదని ఆ జూ ఆఫీసులో ఒక నానుడి. దాన్ని పుట్టించింది భానోజీరావే. ఒకసారి పుట్టాక నలుగురి నోటా నడిచింది కాబట్టి తనకు సంబంధం లేనట్టు, కాస్త సిగ్గుపడుతూ వినేవాడు.

ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసులో అతను గుమస్తా నుంచి సూపరింటెండెంటు దాకా వచ్చాడు గాని, బోనుల దాకా వెళ్ళింది తక్కువ. బోనులో పులి ఉందా లేదా అన్నది తరవాతి సంగతి, ఫైల్లో ఉందా లేదా అన్నది ముఖ్యమని కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేవాడు. వాళ్ళు నోటుపుస్తకంలో రాసుకునేవారు. వాళ్ళు రాసుకోవడం చూసి, తను చెప్పింది నిజమేనని అతనికి నమ్మకం కలిగేది.

ఇలా ఉండగా పై ఆఫీసు నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రజలు జంతువులను దత్తత తీసుకోవచ్చు. ఏడాదిపాటు దాని మేత ఖర్చు భరిస్తే బోను ముందు వాళ్ళ పేరు బోర్డు మీద రాయిస్తారు. దరఖాస్తు ఫారం అచ్చ తెలుగులో ఉండాలి, మూడు రోజుల్లో పంపాలి. క్యూరేటర్ ప్రభంజన్ గారు భానోజీరావును పిలిచారు.

"చూడండి, ప్రజా భాగస్వామ్యమే ఈ పథకం పరమావధి. ఫారం ప్రజల భాషలో ఉండాలి. అదే సమయంలో ప్రభుత్వ భాషలోనూ ఉండాలి. ఎల్లుండికల్లా నా బల్ల మీద ఉండాలి" అన్నారు.

ఉన్న ఫారం ఉండగా కొత్తది రాసేవాడు గుమస్తా కాడు, కవి. ఆఫీసుకు ఎదురుగా రోడ్డవతల అనాథ పిల్లలను దత్తత ఇచ్చే కార్యాలయం ఉంది. అక్కడ భానోజీరావుకు తెలిసినవాడొకడున్నాడు. టీ తాగిస్తే ఆరు పేజీల దత్తత ఫారం ఇచ్చాడు. భానోజీరావు దాన్ని కంప్యూటర్లో పెట్టించి, "శిశు" అని ఉన్నచోటల్లా "జంతు" అని మార్చమన్నాడు. ఒక్క మీట నొక్కితే ఎనభై నాలుగు చోట్ల మారింది. శిశువు జంతువయింది. శిశు సంక్షేమం జంతు సంక్షేమమయింది. విభక్తులు కూడా చెక్కు చెదరలేదు. తెలుగు భాష మీద అతనికి ఆ రోజు అపారమైన గౌరవం కలిగింది.

అతను దాన్ని చదవకుండా పంపాడని మాత్రం ఎవరూ అనడానికి లేదు. రెండుసార్లు చదివాడు, వ్యాకరణ దోషాల కోసం. "రాత్రివేళ జంతువు ఏడిస్తే దంపతులలో ఎవరు లేస్తారు?" అన్న ప్రశ్నలో దోషం లేదు. "జంతువును ఏ వయస్సులో బడిలో చేర్చదలచారు?" అన్నదీ శుద్ధంగానే ఉంది. ఏడో నిబంధన అయితే కడిగిన ముత్యంలా ఉంది: "దత్తత నాటికి జంతువు వయస్సు పదిహేను సంవత్సరములు నిండి ఉండరాదు." క్యూరేటర్ గారు ఆఖరి పేజీలో సంతకం పెట్టారు. పై ఆఫీసువారు "ఫారము సమగ్రముగా ఉన్నది" అని మెచ్చుకుంటూ, మిగతా జూలన్నీ దీన్నే వాడాలని సర్క్యులర్ ఇచ్చారు. భానోజీరావు ఆ సర్క్యులర్‌ను అద్దం కట్టించి గోడకు తగిలించాడు.

చిలకల దగ్గరా దుప్పుల దగ్గరా ఫారం బాగానే నడిచింది. బడి దగ్గర "వర్తించదు" అని రాసుకుని పోయారు. చిక్కంతా సింహం దగ్గర వచ్చింది.

చెల్లుబోయిన పరమేశం గారిది గ్రానైటు వ్యాపారం, సింహరాశి. సింహానికి అన్నం పెడితే శని వదులుతుందని ఎవరో జాతకం చూసి చెప్పారు. భార్య సత్యవేణి గారిని వెంటబెట్టుకుని వచ్చారు. వాళ్ళకు పిల్లలు లేరు. ఆవిడ ఫారం మొదటి పేజీ నుంచి శ్రద్ధగా చదివి, రాత్రివేళ ఏడిస్తే అన్నచోట "నేనే" అని రాసింది. ఆ ఫారాన్ని అంత శ్రద్ధగా చదివిన మనిషిని భానోజీరావు అంతకుముందు చూడలేదు.

ఆ జూలో ఉన్నది ఒకటే సింహం, పేరు శౌరి. వయస్సు పంతొమ్మిది. జూలు ఊడిపోయి పాత కొబ్బరిపీచు పట్టాలా ఉండేది. కుడి కన్ను మసకేసింది. కోరల్లో ఒక్కటే మిగిలింది, అదీ కదులుతోంది. నమలలేదు కాబట్టి కైమా కొట్టి పెట్టాలనీ, జనం చూడని వెనకవైపు విశ్రాంతి షెడ్డుకు మార్చాలనీ డాక్టర్ ఝాన్సీ గారు రాసింది. పదిహేను నిండిన సింహం వృద్ధ జంతువని నియమం. వచ్చే నెల నుంచి షెడ్డు, ఈ నెల నుంచే కైమా. ఆ డ్రాఫ్టు రాసిందీ భానోజీరావే.

"సర్, ఏడో నిబంధన అడ్డొస్తోంది. సింహానికి పదిహేను దాటాయి" అన్నాడు భానోజీరావు, క్యూరేటర్ గారి గదిలో.

క్యూరేటర్ గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. "నిబంధనను సవరించడం మన పరిధిలో ఉందా?"

"లేదండి. పై ఆఫీసువారు ఆమోదించేశారు."

"సింహం వయస్సు ఎవరి పరిధిలో ఉంది?"

"మనదేనండి. జనన రిజిస్టరు మన బీరువాలోనే ఉంది."

"అయితే పరిధిలో ఉన్నదాన్ని సవరించండి" అన్నారు క్యూరేటర్ గారు.

పరాయివాడెవడైనా అయితే దీనికి జంకేవాడేమో. భానోజీరావుకు జంకు కలగలేదు. వయస్సంటే సాగే వస్తువని అతనికి చిన్నప్పుడే తెలుసు. బడిలో చేర్చడానికి తాత తీసుకెళ్ళినప్పుడు హెడ్‌మాస్టరు అతన్ని ఎగాదిగా చూసి, "ముందు ముందు ఉద్యోగానికి పనికొస్తుంది" అని నాలుగేళ్ళు తగ్గించి, జూలై ఒకటి అని రాసుకున్నాడు. ఆ తరగతిలో ముప్పై ఒక్కమంది పిల్లలూ జూలై ఒకటినే పుట్టారు. ఆ లెక్క ప్రకారమే భానోజీరావుకు ఇప్పుడు అరవై. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్ళుంది. మోకాళ్ళ లెక్క ప్రకారం అరవై నాలుగు. మోకాళ్ళను ఏ ఆఫీసూ రికార్డుగా ఒప్పుకోదు కాబట్టి అతను ఉద్యోగం చేస్తున్నాడు.

ఆ సాయంత్రం నోట్ ఫైల్లో ఇలా రాశాడు: "గతంలో వాన నీటికి రిజిస్టరు తడిసిన కారణంగా సిరా అలుక్కుని, సదరు సింహము పుట్టిన సంవత్సరము ఆరేళ్ళు ముందుగా కనబడుతున్నట్లు గమనించడమైనది. వాస్తవ వయస్సు పదమూడుగా సవరించడమైనది." చదువుకుని మురిసిపోయాడు. పదమూడేళ్ళ సింహం కళ్ళకు కట్టినట్టుంది.

తరవాత ఫారం ప్రకారం ఇంటి వాతావరణం పరిశీలన. క్యూరేటర్ గారూ భానోజీరావూ పరమేశం గారి ఇంటికి వెళ్ళి సోఫాలో కూర్చున్నారు.

"జంతువు మీ ఇంట్లో ఏ గదిలో పడుకుంటుంది?" క్యూరేటర్ గారు ఫారం చూసి అడిగారు.

పరమేశం గారు హడలిపోయారు. "ఇక్కడికి తెస్తారేటండీ?"

"తేమండి. కాని గది ఉన్నట్టు మాకు సంతృప్తి కలగాలి."

సత్యవేణి గారు లేచి మేడమీద గది చూపించింది. ఫ్యానుంది, కిటికీ తూర్పుకుంది. సంతృప్తి కలిగినట్టు భానోజీరావు రాసుకున్నాడు. ఆవిడ అందరికీ సున్నుండలు పెట్టి, "బాబు ఏం తింటాడండీ?" అని అడిగింది.

"ఎముకతో ఎనిమిది కిలోలండి" అన్నారు క్యూరేటర్ గారు, ఆయనకు తెలియకుండానే పదమూడేళ్ళ సింహం కొలత చెప్పేసి.

దత్తత సభ ఘనంగా జరిగింది. బోను ముందు బోర్డు పెట్టారు: చి. చెల్లుబోయిన శౌరి. పరమేశం గారు ఫొటో దిగుతుంటే శౌరి నిద్రపోతున్నాడు. చిరంజీవులు నిద్రపోవచ్చు గనక ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాటి నుంచి రికార్డు తన పని తాను చేసుకుపోయింది. పదిహేను నిండని సింహానికి కైమా వర్తించదు, ఆపేశారు. విశ్రాంతి షెడ్డు వర్తించదు, దాన్ని ఒక ముసలి ఎలుగ్గొడ్డుకు ఇచ్చేశారు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా జనం ముందు ఎండలో ఉండాలి. వారం తిరక్కుండా శౌరికి మేత పెట్టే పోలినాయుడు ఆఫీసుకొచ్చాడు. ఇరవై ఏళ్ళుగా ఆ బోను దగ్గరున్నవాడు, గుమ్మం దాటి లోపలికి రావడం అరుదు.

"బాబూ, ఆడికి పళ్ళేయి? ఈ బొమికిలు పడేత్తే ఏటి సేసుకుంటాడు? నాకి ఒగ్గేత్తన్నాడు. నానే రాయి మీద దంచి పెడతన్నాను. సేతులు పడిపోతన్నాయి" అన్నాడు.

"దరఖాస్తు పెట్టు నాయుడూ" అన్నాడు భానోజీరావు.

"ఏటని పెట్టాల?"

భానోజీరావు ఆలోచించాడు. పదమూడేళ్ళ సింహానికి పళ్ళు లేవని దరఖాస్తు పెడితే, పళ్ళు ఏమయ్యాయో సంజాయిషీ చెప్పమని పోలినాయుడికే మెమో వెళుతుంది. ఆ మెమో కూడా తనే రాయాలి. "వద్దులే" అన్నాడు.

డాక్టర్ ఝాన్సీ గారు ఊరుకునే మనిషి కాదు. రిపోర్టు పట్టుకుని నేరుగా క్యూరేటర్ గారి దగ్గరికి వెళ్ళింది. "సార్, ఆ సింహానికి ఇరవై దగ్గర పడుతున్నాయి. చూస్తేనే తెలుస్తుంది" అంది.

"డాక్టరమ్మా, మీ రిపోర్టు సింహాన్ని చూసి రాసినది. మా రికార్డు రికార్డును చూసి రాసినది. రెండింటిలో ఏది ప్రామాణికమో మీరే చెప్పండి" అన్నారు ఆయన, ఎంతో మర్యాదగా.

అప్పుడొచ్చింది అసలు పీకలమీదికి. వేరే రాష్ట్రంలో ఒక జూవారికి పిల్లల్ని కనే ఈడున్న మగసింహం కావలసివచ్చింది. జూలన్నీ పంపిన జాబితాలు చూస్తే, పదిహేను నిండని మగసింహం శౌరి ఒక్కడే కనబడ్డాడు. బదులుగా రెండు చారల గుర్రాలిస్తామన్నారు. పదమూడు వందల కిలోమీటర్లు, లారీలో నాలుగు రోజులు. చారల గుర్రాలంటే క్యూరేటర్ గారికి చిన్నప్పటి నుంచి ముచ్చట. "మన సంస్థకు జాతీయస్థాయి గుర్తింపు ఇది. పెళ్ళికొడుకును సోమవారం సాగనంపుదాం" అన్నారు.

"ఆ లారీలో రెండో రోజుకే పోతాడు. నేను సంతకం పెట్టను" అంది డాక్టరమ్మ. ఆమె సంతకం అక్కర్లేదు. పదిహేను లోపు జంతువుకు సూపరింటెండెంటు ధ్రువీకరణ చాలు. ఆ నియమం భానోజీరావుకు కంఠతా వచ్చు.

శుక్రవారం మధ్యాహ్నం అతను బోను దగ్గరికి వెళ్ళాడు. అక్కడికి వెళ్ళి పదకొండేళ్ళయింది, దత్తత సభకు కూడా ఆహ్వానం రాసి పంపాడే గాని వెళ్ళలేదు. దారి మరిచిపోయి జిరాఫీల వైపు వెళ్ళి, ఎవర్నో అడిగి వెనక్కొచ్చాడు. శౌరి ఎండలో పక్కకు ఒరిగి పడుకున్నాడు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. కటకటాల ముందు సత్యవేణి గారు గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. వారం నుంచి రోజూ వస్తోందట.

"బాబు ఏం తినట్లేదండీ. మేం కొత్త అంటారా?" అని అడిగింది.

శౌరి లేవబోయాడు. ముందు కాళ్ళు లేచాయి, వెనక కాళ్ళు లేవలేదు. కాసేపాగి, ఇంకోసారి ప్రయత్నించి, ఎవరూ చూడలేదు కదా అన్నట్టు అటూ ఇటూ చూసి మళ్ళీ కూలబడ్డాడు. కుర్చీలోంచి లేచేటప్పుడు రోజూ భానోజీరావు చేసేదీ అదే. ఎవరూ చూడకుండా బల్ల పట్టుకుంటాడు.

పోలినాయుడు రాయి మీద మాంసం దంచుతూనే అన్నాడు: "మీ కాయితంలో కుర్రోడు, బోనులో ముసిలోడు. సోమవారం లారీ ఎక్కేది ఎవుడు బాబూ? కాయితమా?"

భానోజీరావు తన చేతులతో తగ్గించిన ఆరేళ్ళు ఆ జంతువు మెడకు ఉరయ్యాయి. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. ఇన్నాళ్ళ ఉద్యోగంలో అతనికి నిజమైన సిగ్గన్నది కలగడం అదే మొదలు.

ఆఫీసుకొచ్చి తలుపేసుకుని నోట్ రాశాడు. సింహం అసలు వయస్సు పంతొమ్మిది, రిజిస్టరు ఏ వానకూ తడవలేదు, తగ్గించినది తానే, కనుక పంపరాదు. చదువుకున్నాడు. పేలవంగా ఉంది. నిజం రాయడం అలవాటు లేక వాక్యం నిలబడటం లేదు. ఇది చదివి క్యూరేటర్ గారు, "అప్పుడు పొరపాటు లేదు, ఇప్పుడే పొరపడుతున్నారు" అనేసి పక్కన పడేస్తారు. ఏదో ఒక దృష్టాంతం ఉండాలి. దృష్టాంతం లేని డ్రాఫ్టు ఉప్పులేని పప్పని అతని సిద్ధాంతం. కాసేపు కలం కొరికి ఇలా చేర్చాడు:

"అరవై నాలుగేళ్ళ నన్ను అరవై ఏళ్ళవాడినని బడి రిజిస్టరు చూపిన మాత్రాన నా మోకాళ్ళు ఏ విధముగా కుర్రవి కాలేదో, అదే విధముగా సదరు సింహమునకును దంతములు మొలవలేదు."

అద్భుతంగా కుదిరింది. రెండోసారి చదివినప్పుడు గాని తను ఏం రాశాడో తెలియలేదు. అరవై రెండు దాటినవాడు ఉద్యోగంలో ఉండరాదు. ఆ వాక్యం కొట్టేశాడు. నోట్ మళ్ళీ చప్పబడిపోయింది. ఇంకో ఉపమానం కోసం వెతికాడు. పాత గడియారం పెట్టి చూశాడు, ఎండిన బావి పెట్టి చూశాడు. ఏదీ పనికిరాలేదు. రెండేళ్ళ ఉద్యోగం ఒకవైపు, లారీ ఒకవైపు. చీకటి పడకముందే, కొట్టేసిన వాక్యాన్ని తిరిగి రాసి, సంతకం పెట్టి పంపేశాడు.

శనివారం క్యూరేటర్ గారు పిలిచారు. ఆయన ముఖంలో చారల గుర్రాలు చచ్చిపోయి ఉన్నాయి.

"భానోజీరావు గారూ, ఒకే సింహానికి ఒకే సూపరింటెండెంటు రెండు వయస్సులు ధ్రువీకరించారు. రెండూ మీవే. మీ డ్రాఫ్టును కాదనే ధైర్యం ఈ ఆఫీసులో ఎవరికీ లేదు. పంతొమ్మిదంటే మొదటి నోట్ అబద్ధమవుతుంది, దాని కింద నా సంతకం ఉంది. పదమూడంటే రెండోది అబద్ధమవుతుంది. సంస్థ గౌరవం దృష్ట్యా మధ్యేమార్గం చూడండి."

మధ్యేమార్గం భానోజీరావుకు రెప్పపాటులో తోచింది. "పదమూడూ పంతొమ్మిదీ కలిపి సగం చేస్తే పదహారండి. పదిహేను దాటుతుంది. సింహం వృద్ధ జంతువవుతుంది. ఎవరి నోటూ పూర్తిగా అబద్ధం కాదు."

క్యూరేటర్ గారి ముఖం వికసించింది. "నిష్పాక్షికమైన సూత్రం! ఈ సంస్థ పరిధిలో వివాదంలో ఉన్న వయస్సులన్నిటికీ ఇదే వర్తిస్తుందని ఉత్తర్వు రాయండి. ఇప్పుడే."

భానోజీరావు తన బల్ల దగ్గరికొచ్చి రాయడం మొదలుపెట్టాడు. మొదటి పేరా సింహానిది. రెండో పేరాకు వచ్చేసరికి కలం ఆగింది. ఆ ఆఫీసులో వివాదంలో ఉన్న వయస్సు ఇంకొకటే ఉంది. అరవై, అరవై నాలుగు. సగం చేస్తే అరవై రెండు. అంటే రిటైరుమెంటు ఈ రోజే.

"వయస్సులన్నిటికీ" అన్నచోట "జంతువుల వయస్సులన్నిటికీ" అని ఒక్క మాట చేరిస్తే తను బయటపడతాడు. చేర్చాడు కూడా. తరవాత గుమస్తా బుర్రతో ఆలోచించాడు. జంతువులకు చెల్లే సూత్రం మనుషులకెందుకు చెల్లదని పై ఆఫీసువారు తప్పక అడుగుతారు. ఫైలు వెనక్కొస్తుంది. జవాబు రాసి పంపేలోగా సోమవారం వస్తుంది, లారీ వస్తుంది. వంద ఫైళ్ళను ఇలాగే చంపినవాడు గనక అతనికి ఆ దారి బాగా తెలుసు.

ఆ మాట తీసేశాడు. రెండో పేరా రాసుకున్నాడు: "ఇదే సూత్రము ననుసరించి శ్రీ భానోజీరావు, సూపరింటెండెంటు, ఈ దినము సాయంత్రము అయిదు గంటలకు పదవీ విరమణ చేసినట్లు పరిగణించడమైనది." కామా కూడా సరిచూసుకుని లోపలికి తీసుకెళ్ళాడు. క్యూరేటర్ గారు రెండో పేరా రెండుసార్లు చదివారు. ఏదో అనబోయి, ఏమనాలో ఏ నియమంలోనూ లేకపోయేసరికి సంతకం పెట్టేశారు.

మధ్యాహ్నం సత్యవేణి గారు వచ్చింది. పదిహేను దాటడంతో ఏడో నిబంధన ప్రకారం దత్తత చెల్లదని చెప్పవలసి వచ్చింది.

"పదిహేను దాటితే కొడుకు కాకుండా పోతాడేటండీ?" అంది ఆవిడ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ ప్రశ్నకు ఫారంలో కాలమ్ లేదు. భానోజీరావు తన సర్వీసులో ఆఖరి పనిగా ఒక తెల్లకాగితం తీసుకున్నాడు. ఏ ఆఫీసు ఫారమూ ముందు పెట్టుకోకుండా, వృద్ధ జంతువు బాగోగులు చూసుకోవడానికి దరఖాస్తు అని తన సొంతంగా రాశాడు. మొత్తం నాలుగే ప్రశ్నలు వచ్చాయి. నాలుగోది: "జంతువు మీకు ఏమవుతుంది?" ఆవిడ "పెద్దబ్బాయి" అని రాసి ఇచ్చింది.

అయిదు గంటలకు శాలువా కప్పారు. క్యూరేటర్ గారు ప్రసంగించారు. దండలు అక్కడే కుర్చీ మీద పెట్టి, భానోజీరావు వెనకవైపు షెడ్డుకు నడిచాడు. ఎలుగ్గొడ్డుతో గోడ పంచుకుంటూ శౌరి నీడలో పడుకుని ఉన్నాడు. పోలినాయుడు కైమా తట్ట లోపలికి తోశాడు. శౌరి తలెత్తి, తొందర లేకుండా, నాలికతో అద్దుకుంటూ తినడం మొదలుపెట్టాడు.

షెడ్డు ముందు రెండు మెట్లున్నాయి. భానోజీరావు కటకటం పట్టుకుని ఒక్కొక్కటే దిగాడు. పోలినాయుడు అది చూసి చెయ్యి అందించాడు.

"ముసిలోరైపోనారు బాబూ" అన్నాడు.

అతని వయస్సు గురించి ఆ జూలో ఎవరైనా నిజం చెప్పడం అదే మొదటిసారి. భానోజీరావుకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మెట్టు మీద కూర్చుని, నొప్పిగా ఉన్న మోకాలిని పోలినాయుడు చూస్తుండగానే నొక్కుకున్నాడు.